సులువైన నడక

గురువారం. చెత్త బండి వచ్చే రోజు.
అందుకే ఇవాళే వెళ్దామంది ఐర్వెన్,
"ఆదివారం ఏ దారైనా మర్యాదగానే ఉంటుంది" అని.

కార్డిఫ్ ఉత్తరపు అంచున
చిన్న రైలు స్టేషన్ నుంచి బాతుల చెరువు దాకా
రెండు కిలోమీటర్ల నాలుగొందల మీటర్లు.
చక్రాల కుర్చీలో ఐర్వెన్,
తెల్లకర్రతో గెథిన్,
జేబులో టేపు, చేతిలో రసమట్టం,
అట్టకు బిగించిన కాగితాలతో నేను.

పదకొండేళ్ల కిందట ఈ దారికి కరపత్రం రాసింది నేనే.
"సులువైన నడక. అందరికీ."
ఆ సంగతి వాళ్లకింకా చెప్పలేదు.

మొదటి మలుపు.
ఇవతల పేవ్‌మెంటు వాలుగా రోడ్డులోకి దిగింది.
అవతల ఎక్కాలంటే బెత్తెడు గట్టు.
"అప్పుల్లోకి దిగినట్టే" అంది ఐర్వెన్,
"దిగడం వరకే మన చేతిలో."
పది సెంటీమీటర్లు, అని రాసుకున్నాను.

ప్రతి గుమ్మం ముందూ
పొట్టలు ముందుకు పెట్టి నిలబడ్డ చెత్తడబ్బాలు.
గెథిన్ ఒక్కోదాన్నీ కర్రతో తట్టి
వెల్ష్‌లో శుభోదయం చెబుతాడు.
ముళ్లపొద కొమ్మ మాత్రం కర్రకు దొరకదు,
అది మొహం ఎత్తున కాచుకుని ఉంటుంది.
చెంప మీద సన్నటి ఎర్రగీత.
"రాసుకో" అన్నాడు,
"టేపు తియ్యకు. నా చెంపే కొలత."

రోడ్డు దాటే చోట
పాదాలకు తెలిసే బొడిపెల రాళ్లు
ఎవరో ఎంతో శ్రద్ధగా పరిచారు,
నేరుగా ఒక దీపస్తంభం వైపుకి.
గెథిన్ వాటిని నమ్మి నడిచాడు.
నమ్మక ఎలా నడుస్తాడు?

చర్చి వెనక ఎత్తు.
రసమట్టంలో గాలిబుడగ ఓ మూలకి పారిపోయింది.
నా మోకాళ్లకు ఎన్నడూ తెలియని ఏటవాలు
ఐర్వెన్ మణికట్లకు తెలుస్తోంది.
తొయ్యనా అని అడగబోయాను.
ఆమె వీపు వద్దంది.
సగంలో ఆగి, చేతితొడుగులు సర్దుకుని,
"చదునుగా ఒక్క గజం ఉంటే చాలు,
ఊపిరి పెట్టుకోవడానికి" అంది.
ఈ చోటు గురించి కరపత్రంలో నేను రాసింది
"చక్కటి చెట్ల నీడ".

చివర్న గేటు.
అర్ధచంద్రం లాంటి కంచెలో ఊగే ఒంటి తలుపు.
లోపలికి దూరి, తలుపు వెనక్కి నెట్టి,
ఒళ్లు ఒంపుకుని బయటపడాలి.
ఆవులు దాటకూడదని పెట్టారట.
ముద్దుల గేటు అంటారు దీన్ని.
ఆవులు పోయి యాభై ఏళ్లయింది.
గేటుకి ఇంకా కబురు అందలేదు.

నేనూ గెథిన్ దాటగలం.
దాటలేదు.
"ఇక్కణ్ణుంచి చెరువు కనిపిస్తోందా?" అడిగాడతను.
"సగం. మిగతా సగం గేటే."
"నాకు మొత్తం వినిపిస్తోంది. చెప్పనా?"
రెండు బాతులు పోట్లాడుకుంటున్నాయన్నాడు.
ఎవరో పిల్ల నీళ్లలోకి రాయి విసిరిందన్నాడు.
ఐర్వెన్ కళ్లు మూసుకుని వింది.

అప్పుడు చెప్పాను, ఆ కరపత్రం నాదని.
కాసేపు బాతులే మాట్లాడాయి.
తర్వాత ఐర్వెన్ కలం కోసం చెయ్యి చాపింది.
గేటు వెడల్పు రాయాల్సిన గడిలో
తన కుర్చీ వెడల్పు రాసింది.
అరవై ఆరు సెంటీమీటర్లు.
"ఈసారి ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు."

తిరుగుదారిలో చెత్త బండి వచ్చి వెళ్లిపోయింది.
ఖాళీ డబ్బాలు ఎక్కడివక్కడ, పేవ్‌మెంటు నడిమధ్య.
ముందు నడిచి నేను వాటిని గోడవారకు జరుపుతున్నాను.
ఒకటి మరిచిపోయాను.
గెథిన్ కర్ర తగిలి అది బోలుగా మోగింది.
"ఓ, నువ్వా" అన్నాడు,
"ఇంకా ఇక్కడే ఉన్నావా?"